విజయనగరంలో ఎయిర్‌ఫోర్స్ మాస్టారి ప్యానెల్ క్లాస్: పేర్లు చెరిగిపోయిన స్విచ్‌ల గురించి ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పరు

సూటిగా చెప్పేస్తాను. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) కోసం ఫ్లయింగ్ స్కూల్లో చేరబోతున్నారా, ఆ స్కూల్లో ఉన్నవి పాత సెస్నాలేనా (అమెరికా కంపెనీ చిన్న విమానాలు), అయితే చేరేముందు ఓసారి విజయనగరం వచ్చి ఈ క్లాస్ చేసి వెళ్లండి. డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ) పరీక్షల్లో మార్కులకి ఇది పెద్దగా పనికిరాదు, సర్టిఫికెట్ ఇవ్వరు, ఉద్యోగం ఇప్పిస్తామని ఎక్కడా అనరు. ఇక్కడ నేర్పేది ఒకటే విషయం. కాక్‌పిట్‌లో కూర్చున్నాక ఎదురుగా ఉన్న స్విచ్ మీద పేరు లేకపోతే అది దేనిదో ఎలా తెలుసుకోవాలి, తెలిసేదాకా దాన్ని ఎందుకు ముట్టుకోకూడదు. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ లక్షలు పోసి శిక్షణకి వెళ్తున్న పిల్లలకి దీన్ని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

చెప్పేది రిటైరైన ఎయిర్‌ఫోర్స్ టెక్నీషియన్ ఒకాయన. సర్వీసంతా విమానాల ఎలక్ట్రికల్ పనే చేశారు. పేరు, ఫోన్ నంబరు నెట్‌లో పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు, కంటోన్మెంట్ వైపు వెళ్లి ఎయిర్‌ఫోర్స్ మాస్టారి ఇల్లు ఎక్కడా అని అడిగితే చూపిస్తారు. దగ్గర్లోనే కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది, 1962 నుంచి అక్కడ చదివి ఎంతోమంది డిఫెన్స్‌కి వెళ్లారు, అందుకే ఈ ఊళ్లో యూనిఫాం వేసుకుని వచ్చినవాళ్లని జనం బాగా గుర్తుపెట్టుకుంటారు.

మాది ఆమదాలవలస వైపు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో పొద్దున్నే రైలెక్కితే క్లాస్ టైముకి హాయిగా అందుకోవచ్చు, సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. నేను అప్పటికే ఒక పెద్ద సిటీలో గ్రౌండ్ క్లాసులు చేసి ఉన్నాను. ఏ ఇన్‌స్టిట్యూట్ అన్నది అనవసరం. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ చాలా బాగా చెప్పారు, ఆ మాట ఒప్పుకోవాలి. టెక్నికల్ జనరల్ (విమానం భాగాల గురించిన సబ్జెక్ట్) దగ్గరికి వచ్చేసరికి మాత్రం గోడ మీద కాక్‌పిట్ పోస్టర్ ఒకటి అతికించి, ఎడమ నుంచి కుడికి స్విచ్‌ల వరస బట్టీ పట్టండి అన్నారు. ఈ వరస అన్ని విమానాల్లోనూ ఇలాగే ఉంటుందా అని అడిగితే దాదాపు ఇంతే అన్నారు. ఆ "దాదాపు" అన్న మాట నాకు మనసులో ఉండిపోయింది, ఈ మాస్టారి గురించి మా బంధువుల అబ్బాయి చెప్పగానే అందుకే బయల్దేరాను.

క్లాస్ అంటే ఇంటి వెనకాల రేకుల షెడ్డు. అందులో పెద్ద బల్ల మీద పాత సెస్నా ప్యానెల్ ఒకటి నిలబెట్టి ఉంటుంది. తుక్కు వేలంలో కొన్నారట. దాని వెనక కారు బ్యాటరీ, పక్కన ప్లైవుడ్ పలక మీద విమానానికి ఉండే లైట్లన్నీ, ఇంకో రెండు భాగాలూ బిగించారు: ఎడమ రెక్క ఎరుపు, కుడి రెక్క ఆకుపచ్చ, తోక తెలుపు, పైన బీకన్, ఒక ల్యాండింగ్ లైటు, ఒక పిటో ట్యూబు (వేగం కొలవడానికి గాలి పట్టే గొట్టం), ఒక చిన్న ఫ్యూయల్ పంపు. ప్యానెల్ మీద ఉండాల్సిన పేర్లన్నిటి మీదా నల్ల పెయింట్ వేసేశారు. స్విచ్‌లు కూడా ఒకే రకం కాదు, కొన్ని నొక్కేవి, కొన్ని పైకీ కిందికీ వేసే టాగుల్స్, రెండు మూడు లాగే నాబ్‌లు. అసలు సంగతి ఏంటంటే, వారం వారం ప్యానెల్ వెనక వైర్లు మార్చేస్తుంటారు. పోయిన వారం నావ్ లైట్ (రెక్కల, తోక లైట్లు) అయినది ఈ వారం పిటో హీట్ (పిటో ట్యూబుని వేడి చేసేది) అవుతుంది. కాబట్టి ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా పనికిరాదు, ప్రతిసారీ మొదట్నుంచి కనిపెట్టుకోవాల్సిందే.

మొదటి క్లాస్‌లో నా చెయ్యి ప్యానెల్ వైపు వెళ్లగానే ఆయన అన్న మాట: "చేతులు ఒళ్లో పెట్టుకో అమ్మా. స్విచ్ ఎక్కడికీ పారిపోదు." ఆ క్లాస్ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోనివ్వలేదు, చూడమన్నారు అంతే. మొదట కొంచెం విసుగనిపించింది కానీ ఆ తర్వాత మాగ్నెటో (బ్యాటరీ లేకుండానే ఇంజన్ ప్లగ్‌లకి నిప్పురవ్వ పుట్టించే పరికరం) పాఠం విన్నాక ఎందుకలా చేశారో పూర్తిగా అర్థమైంది. దాని గురించి కిందన వివరంగా రాస్తాను.

అసలు పేర్లు ఎందుకు పోతాయి అని చాలామంది అడుగుతారు. సెస్నా 172 మొదటిసారి ఎగిరింది 1955లో. 1986లో తయారీ ఆపేసి, పదేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. 152 అయితే 1978 మోడల్‌గా 1977లో మొదలై 1985తోనే ఆగిపోయింది, అంటే ఇవాళ మీరు కూర్చునే 152 ఏదైనా సరే దానికి నలభై ఏళ్లు. అన్నేళ్లు ఎండలో నిలబడి, వందలమంది స్టూడెంట్ల వేళ్లు తగిలి, ప్యానెల్ మీద అచ్చేసిన అక్షరాలు అరిగిపోతాయి. పాత సెస్నాల్లో ప్యానెల్ ముందు పల్చని ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, అది పెళుసెక్కి పగిలితే తీసి కొత్తది వేస్తారు, వేసినప్పుడు పేర్లు మళ్లీ సరిగా పెట్టకపోతే అంతే సంగతులు. కొన్నిటి మీద డైమో టేప్ ముక్కలు అతికించి ఉంటాయి, జిగురు ఎండి అవీ రాలిపోతాయి. దీనికి తోడు ఓనర్లు మారతారు. పాత ఏడీఎఫ్ (దిక్కు చూపించే రేడియో) తీసేసి జీపీఎస్ పెట్టుకుంటారు, ఏడీఎఫ్ స్విచ్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. నిబంధనలు ఒప్పుకుంటాయని కాదు. చిన్న విమానాలకి ఉన్న అమెరికా పార్ట్ 23 రూల్స్‌లో ఎన్నో ఏళ్లపాటు స్పష్టంగా రాసి ఉంది, ప్రధాన ఫ్లైట్ కంట్రోల్స్, మామూలు పుష్ బటన్ స్టార్టరు తప్పించి కాక్‌పిట్‌లో ప్రతి కంట్రోల్ మీదా అది ఏం చేస్తుందో, ఎలా వాడాలో తెలిసేలా గుర్తు ఉండాలని. కాబట్టి పేరు లేని స్విచ్ కనిపిస్తే ముందు అది లోపం, పైలట్ తెలివికి పరీక్ష కాదు. ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పాలి, టెక్ లాగ్‌లో స్నాగ్ (లోపం) రాయాలి, లైసెన్స్ ఉన్న ఏఎమ్ఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు) వచ్చి సరిచెయ్యాలి. మనమే ఒక స్టిక్కర్ రాసి అతికించేయకూడదు. ఈ మాట మాస్టారు ప్రతి క్లాస్‌లో చెప్తారు, విసుక్కోకుండా చెప్తారు.

చూడడం అయ్యాక కాగితాలు. నాకు ఈ భాగం చాలా నచ్చింది, ఎందుకంటే ఇంటర్నెట్లో దొరికే ఏదో ఒక మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని అదే మన విమానానిది అనుకునే అలవాటు అందరికీ ఉంది. 1975 ప్రాంతంలో విమానాల కంపెనీల సంఘం గామా ఒక పద్ధతి పెట్టేదాకా చిన్న విమానాల మాన్యువల్స్‌కి ఒక వరసంటూ లేదు, పల్చటి ఓనర్స్ మాన్యువల్ ఒకటి ఇచ్చేవారు. అందుకే పాత విమానానికి మోడల్ పేరొక్కటే తెలిస్తే సరిపోదు, తయారైన సంవత్సరం, సీరియల్ నంబరు చూడాలి. సర్వీస్ మాన్యువల్ వెనక వైరింగ్ డయాగ్రమ్‌లు ఉంటాయి, ఒక్కో డయాగ్రమ్ ఏ సీరియల్ నుంచి ఏ సీరియల్ దాకా వర్తిస్తుందో రాసి ఉంటుంది. చిన్న ఉదాహరణ చెప్పారు. 172లో 1977 దాకా ఉన్న 14 వోల్టుల సిస్టమ్ 1978 మోడల్ నుంచి 28 వోల్టులకి మారింది. పక్కపక్కనే నిలబెట్టిన రెండు 172లు బయటికి అన్నదమ్ముల్లా ఉన్నా లోపల కరెంటు లెక్క పూర్తిగా వేరు. ఇక వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితాలతో పాటు ఉండే ఎక్విప్‌మెంట్ లిస్ట్. దాన్ని బరువు లెక్కలకే అనుకుని పక్కన పెట్టేస్తాం. కానీ విమానంలో ఇవాళ ఏమేం బిగించి ఉన్నాయో తెలియాలంటే అదే మొదట చూడాలి. స్ట్రోబ్ లైట్లు (మెరుపుల్లా వెలిగి ఆరేవి) లిస్టులోనే లేకపోతే స్ట్రోబ్ స్విచ్ కోసం వెతకడం ఎందుకు? లాగ్ బుక్‌లో ఏ సంవత్సరం ఏ రేడియో తీసేశారో ఉంటుంది. మాస్టారు తన ప్యానెల్‌కి కూడా ఇలాంటి కాగితాల ఫైలు ఒకటి తయారుచేసి పెట్టుకున్నారు, వైర్లు మార్చినప్పుడల్లా ఫైల్లోనూ మారుస్తారు, అది చదవకుండా ప్యానెల్ దగ్గరికి రానివ్వరు.

ఆకారం గురించి ఒక పూట చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బీ-17 బాంబర్లలో ల్యాండింగ్ గేర్ (చక్రాల) కంట్రోల్, ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) కంట్రోల్ ఒకే రకంగా, పక్కపక్కనే ఉండేవి. క్షేమంగా దిగిన పైలట్లు నేల మీద ఫ్లాప్స్ ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. 1943లో ఆల్ఫోన్స్ చాపానిస్ అనే సైకాలజిస్ట్ ఈ ప్రమాదాలన్నీ చూసి, తప్పు పైలట్లది కాదు, ఆ స్విచ్‌లది అని తేల్చాడు. గేర్‌కి చక్రం ఆకారంలో రబ్బరు నాబ్, ఫ్లాప్‌కి రెక్క ఆకారంలో నాబ్ పెట్టించాడు, సమస్య తగ్గిపోయింది. తర్వాత అదే రూల్ అయింది, ఇవాళ్టికీ గేర్ నాబ్ చేతికి గుండ్రంగా తగులుతుంది. కానీ పాత విమానాలన్నీ ఒకేలా లేవు. 1984కి ముందు వచ్చిన బీచ్ కంపెనీ బొనాంజా విమానాలు చాలావాటిలో గేర్, ఫ్లాప్ స్థానాలు మిగతా విమానాలకి తారుమారుగా ఉంటాయి, అందువల్ల నేల మీద చక్రాలు ముడుచుకుపోయిన కేసులు ఎన్నో జరిగాయని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ 1980లోనే రిపోర్ట్ ఇచ్చింది. రంగులు కూడా అంతే, మిక్స్చర్ (గాలిలో ఇంధనం పాళ్లు మార్చేది) ఎరుపు, థ్రాటిల్ నలుపు, ప్రొపెల్లర్ నీలం అన్నది ఇప్పుడు మామూలు, మరీ పాతవాటిలో రంగు పోయి అన్నీ ఒకేలా ఉంటే నాబ్ అంచు చేత్తో తడిమి చూసుకోవాలి. కళ్లకి గంతలు కట్టి అడిగే కాక్‌పిట్ పరీక్ష ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి పాత అలవాటే, మాకు కూడా చేయించారు.

ఇప్పుడు అసలు విషయం, అమ్మీటర్, అంటే కరెంటు ఎంత పారుతోందో చూపించే మీటరు. నా దృష్టిలో ఈ క్లాస్‌కి వెళ్లాల్సింది దీని కోసమే.

పాత సెస్నాల్లో అమ్మీటర్ సూది మధ్యలో సున్నా దగ్గర ఉంటుంది. బ్యాటరీలోకి కరెంటు వెళ్తుంటే కుడికి, బ్యాటరీ నుంచి బయటికి వస్తుంటే ఎడమకి జరుగుతుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మాస్టర్ (కరెంటు మొత్తానికి మెయిన్ స్విచ్) వేస్తే అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి కాబట్టి ఏ స్విచ్ వేసినా సూది ఎడమకి ఎంత జరిగిందో చూసి ఆ స్విచ్ ఎంత కరెంటు లాగుతుందో లెక్క వేసుకోవచ్చు. మాస్టారు మాస్టర్ ఆన్ చేశారు, సూది వెంట్రుక వాసి కదిలింది, టర్న్ కోఆర్డినేటర్ (మలుపు చూపించే గేజ్) లోపల జైరో సన్నగా కూత మొదలుపెట్టింది, ఫ్యూయల్ గేజ్ ముల్లులు లేచాయి. అప్పుడు పేరు లేని మొదటి స్విచ్ వేశారు. సూది ఒక్కసారిగా ఎడమకి పడింది. నేను లైట్ల పలక వైపు చూడబోయాను, చూడొద్దు, సూదిని బట్టే చెప్పు అన్నారు. అది ల్యాండింగ్ లైటు. 4509 అనే ఆ బల్బు 13 వోల్టుల దగ్గర 100 వాట్లు, అంటే ఏడెనిమిది ఆంపియర్లు లాగాలి, సూది చూపించింది అంతే. రెండో స్విచ్ వేస్తే దానికంటే తక్కువ జరిగింది, నావ్ లైట్లు. మూడోది వేస్తే సూది బాగానే జరిగింది కానీ పలక మీద ఏమీ వెలగలేదు, ఏ చప్పుడూ లేదు. కరెంటు తాగుతోంది, కనబడదు, వినబడదు. అంటే వేడి. కాసేపాగి పిటో ట్యూబు దగ్గరికి వేలి వెనక భాగం పెట్టమన్నారు, సెగ తెలుస్తోంది. వెంటనే ఆఫ్ చేసేశారు. గాలి తగలకుండా నిలబెట్టిన చోట పిటో హీట్‌ని గానీ ల్యాండింగ్ లైటుని గానీ ఎక్కువసేపు ఉంచకూడదు, పాడైపోతాయి, చెయ్యి కూడా కాలుతుంది.

నాలుగో స్విచ్ వేస్తే సూది కదల్లేదు. ఖాళీ స్విచ్ అన్నాడు మా బ్యాచ్ అబ్బాయి. మాస్టారు దానికి ఒప్పుకోలేదు. సూది కదలకపోవడానికి ఎన్ని కారణాలుంటాయో ఒక్కొక్కటీ మా చేతే చెప్పించారు: బల్బు మాడిపోయి ఉండొచ్చు, బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే దారి తెంచే బటన్) బయటికి వచ్చేసి ఉండొచ్చు, అది రేడియోలన్నిటికీ కలిపి ఉండే ఏవియానిక్స్ మాస్టర్ అయ్యి కింద రేడియోలన్నీ ఆఫ్‌లో ఉండొచ్చు, వైరు మధ్యలో తెగి ఉండొచ్చు. ఆఖరికి చూస్తే బ్రేకర్ బయటికి లాగి ఉంది, ఆయనే లాగి పెట్టారు. ఖాళీ అని తేల్చాలంటే వెనక వైరు లేదని కళ్లతో చూడాలి, అలా తేలాక కూడా ఆ స్విచ్ తీసెయ్యడమో, ఇనాప్ (పనిచెయ్యదు) అని గుర్తు పెట్టడమో ఏఎమ్ఈ చెయ్యాలి. ఇంకో జాగ్రత్త కూడా చెప్పారు, నేను ఏ పుస్తకంలోనూ గమనించలేదు. ఈ అమ్మీటర్ చిట్కా చాలా పైపర్ విమానాల్లో పనిచెయ్యదు. వాటిలో ఉండేది ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది) ఎంత ఇస్తోందో చూపించే మీటరు, ఇంజన్ తిరక్కపోతే అది ఏ స్విచ్ వేసినా సున్నా దగ్గరే ఉంటుంది. అంటే పైపర్ చెరోకీలో కూర్చుని సెస్నా లెక్క వేస్తే అన్ని స్విచ్‌లూ ఖాళీ అనిపిస్తాయి.

సెస్నాల్లో ఉండే ఎర్రటి జంట మాస్టర్ గురించి కూడా రాయాలి. కుడి సగం బ్యాటరీ, ఎడమ సగం ఆల్టర్నేటర్. పేర్లు పోయినా రంగుని బట్టి, మధ్యలో చీలికని బట్టి దాన్ని పోల్చుకోవచ్చు. ఇంజన్ ఆగి ఉండగా ఎడమ సగం కూడా వేసి వదిలేస్తే ఆల్టర్నేటర్ ఫీల్డ్ ఊరికే బ్యాటరీని తినేస్తుంది, అది కూడా సూది మీద చూపించారు. ఇంకా పాతవాటిలో జంట ఉండదు, మాస్టర్ అంటే లాగే నాబ్ ఒకటే.

వైర్ల గురించి క్లుప్తంగా. మిలిటరీ పద్ధతిలో మార్క్ చేసిన వైరు మీద అక్షరం చూస్తే పని తెలిసిపోతుంది, ఎల్ అంటే లైటింగు, పీ అంటే డీసీ పవర్, క్యూ అంటే ఇంధనం, హెచ్ అంటే వేడి చేసేవి, జే అంటే ఇగ్నిషన్, ఆర్ అంటే రేడియో. చిన్న విమానాల్లో ప్రతి వైరు మీదా ఇది కనబడుతుందని నమ్మకం లేదు. అప్పుడు మందం చూడాలి, ల్యాండింగ్ లైటు వైరు లావుగా ఉంటుంది, గేజ్‌ల పక్కన వెలిగే చిన్న పోస్ట్ లైటుది సన్నగా ఉంటుంది. బ్రేకర్ మీద ఆంపియర్ల అంకె కూడా ఇదే చెప్తుంది, పేరు చెరిగినా బటన్ తల మీద అంకె సాధారణంగా మిగులుతుంది.

మాగ్నెటో పాఠం. నిజం చెప్పాలంటే దీని తర్వాత నేను రైల్లో ఇంటికి వెళ్తూ కూడా దాని గురించే ఆలోచించాను. బల్లకి ఒక పాత మాగ్నెటో బిగించి ఉంది. దానికి బ్యాటరీ వైరు లేదు, ఏ కనెక్షనూ లేదు. షాఫ్ట్‌ని చేత్తో మెల్లిగా తిప్పుతుంటే ఒక చోట స్ప్రింగు బిగుసుకుని, టక్‌మని వదిలేస్తుంది, అదే క్షణంలో ప్లగ్ వైరు చివర నీలంగా నిప్పురవ్వ. మళ్లీ తిప్పితే మళ్లీ టక్, మళ్లీ నిప్పు. దానికి తాళం స్విచ్ కలిపి ఆఫ్‌లో పెట్టారు, తిప్పారు, టక్ మంది కానీ నిప్పు లేదు. ఇంట్లో స్విచ్ ఆఫ్ చేస్తే కరెంటు దారి తెగుతుంది. మాగ్నెటో స్విచ్ ఆఫ్ చేస్తే దానికి పూర్తిగా ఎదురు, పీ-లీడ్ అనే వైరు వెళ్లి బాడీకి ఎర్త్ అవుతుంది, అందువల్ల నిప్పు ఆగుతుంది. అప్పుడు మాస్టారు తాళం ఆఫ్‌లోనే ఉంచి, తాళం చెవి కూడా తీసి జేబులో వేసుకుని, ఆ పీ-లీడ్‌ని మాత్రం ఊడదీశారు. తిప్పారు. నిప్పు వచ్చింది.

ఆ షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తాళం ఆఫ్, బ్యాటరీ లేదు, చెవి ఆయన జేబులో, అయినా నిప్పు. పాత విమానంలో ఆ వైరు లోపల తెగి ఉంటే ప్రొపెల్లర్‌ని చేత్తో కాస్త కదిపినా ఇంజన్ అందుకుని ప్రొపెల్లర్ ఒక్కసారిగా తిరగొచ్చు, ముందు నిలబడ్డ మనిషి ఏమవుతాడో చెప్పక్కర్లేదు. ఇంకో మాట. కొన్ని పాత విమానాల్లో మాగ్నెటోలకి తాళం ఉండదు, కుడికొకటి ఎడమకొకటి మామూలు టాగుల్స్ రెండు ఉంటాయి, చూడ్డానికి లైటు స్విచ్‌ల్లాగే ఉంటాయి. పక్కన స్టార్టర్‌కి ఒక నొక్కుడు బటన్. పేర్లన్నీ చెరిగిపోయిన వరసలో ఇవి ఉంటే, వేసి చూస్తే తెలుస్తుంది కదా అనుకునే వాళ్ల చెయ్యి వీటి మీద పడదని ఎవరు చెప్పగలరు? చేతులు ఒళ్లో పెట్టుకోమన్నది ఇందుకే. పవర్ పెట్టి చూసేముందు ఏమేం సరిచూసుకోవాలో ఆయన ఒక్క గుక్కలో చెప్పించుకుంటారు: చక్రాలకి అడ్డు, థ్రాటిల్ మూసి, మిక్స్చర్ పూర్తిగా వెనక్కి, మాగ్నెటోలు ఆఫ్, తాళం చెవి బయట, ప్రొపెల్లర్ చుట్టూ మనిషి లేడు, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ఒకసారికి ఒక్క స్విచ్, కాలిన వాసన వస్తే మాస్టర్ ఆఫ్. ఇది కూడా ఏఎమ్ఈ పక్కన ఉన్నప్పుడే.

ఈఎల్‌టీ రిమోట్ స్విచ్ గురించి చెప్పింది కూడా గుర్తుంచుకోవాలి. ఈఎల్‌టీ అంటే విమానం కూలితే సిగ్నల్ పంపే పరికరం. ప్యానెల్ మీద ఎక్కడో ఒక మూల చిన్నగా ఉంటుంది, పేరు చెరిగితే ఏదో పాత రేడియోది అనిపిస్తుంది. దాన్ని ఆన్ వైపు వేశారంటే ప్రమాదం జరిగిందని 406 మెగాహెర్ట్జ్‌లో సిగ్నల్ వెళ్లిపోతుంది, శాటిలైట్ పట్టుకుంటుంది, బెంగళూరులో ఇస్రో నడిపే మిషన్ కంట్రోల్ సెంటర్‌కి చేరుతుంది, అక్కణ్నుంచి వెతికే వాళ్లు కదులుతారు. పాత 121.5 మెగాహెర్ట్జ్ వాటిని శాటిలైట్లు వినడం 2009 ఫిబ్రవరిలోనే ఆపేశాయి, ఇప్పుడున్నవి నేరుగా మీ విమానం ఏదో కూడా చెప్పేస్తాయి.

ఇక నచ్చనివి. షెడ్డు రేకులది, ఏప్రిల్ మే నెలల్లో మధ్యాహ్నం బ్యాచ్ అంటే ఉడికిపోతాం, రెండు ఫ్యాన్లు చాలవు, వీలైతే పొద్దుటి బ్యాచ్ అడగండి. నోట్స్ ఇవ్వరు. ఆయన చెప్పేది వేగంగా రాసుకోవాలి, బోర్డు మీద గీసిన డయాగ్రమ్ తుడిచేస్తే మళ్లీ గియ్యరు, ఫోటో తీసుకోనిస్తారు కానీ అడిగి తీసుకోవాలి. కనీసం ఆ అమ్మీటర్ పాఠానికైనా ఒక అచ్చు కాగితం ఉంటే బాగుంటుందని చెప్పాను, చూద్దాం అన్నారు. ప్యానెల్ ఒకటే కాబట్టి బ్యాచ్‌లో ఎక్కువమంది ఉన్న రోజు చేతికి టైం తక్కువ దొరుకుతుంది, పండగ సెలవుల్లో ఇది మరీ ఇబ్బంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజుల్లో అయితే క్లాసులు ఉండవు, ఊళ్లోకి రావడమే కష్టం, ఆ వారం ప్లాన్ చేసుకోకండి.

ఇంకోటి, ఇది ముఖ్యం. ఇక్కడున్నదంతా పాత 14 వోల్టుల సామాను. మీ స్కూల్లో గ్లాస్ కాక్‌పిట్ విమానాలే ఉంటే, అంటే జీ1000 తెరలున్న కొత్త 172లు, డైమండ్ కంపెనీ విమానాలు అయితే, ఈ క్లాస్‌లో సగం మీకు నేరుగా ఉపయోగపడదు. మాగ్నెటో, బ్రేకర్లు, కాగితాలు చదవడం ఎక్కడైనా పనికొస్తాయి, మిగతాదానికోసం రైలెక్కి రావాలా అన్నది మీరే ఆలోచించుకోండి. ఏఎమ్ఈ కోర్సు చేసే పిల్లలకి మాత్రం, పిస్టన్ విమానాల బీ1.2 గానీ ఏవియానిక్స్ బీ2 గానీ ఏ వైపు వెళ్తున్నా, నేను గట్టిగా చెప్తాను, రండి. పుస్తకంలో నాలుగు లైన్లలో ఉన్నది ఇక్కడ చేత్తో పట్టుకుని చూస్తారు.

ఫీజు నా బ్యాచ్‌కి ఆరు వేలు, మొత్తం కోర్సుకి. బ్యాచ్ సగంలో ఆగిపోయిన ఒక అమ్మాయికి మిగతా డబ్బు అడగకుండానే తిరిగి ఇచ్చేశారు, అది నేను చూశాను. డబ్బు ఇబ్బంది ఉందని చెప్పినవాళ్ల దగ్గర తగ్గించి తీసుకుంటారని కూడా బ్యాచ్‌లో విన్నాను.

మన వైపు ఇప్పుడు విమానాల మీద పిల్లలకి ఆశ బాగా పెరిగింది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో ఎయిర్‌పోర్టు, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2024 నుంచి కేంద్రంలో పౌరవిమానయాన మంత్రి, ఇంట్లో పిల్లలు పైలట్ అవుతానంటే ఇప్పుడు పెద్దవాళ్లు కూడా వింటున్నారు. కానీ 200 గంటల ఫ్లయింగ్‌కి అయ్యే ఖర్చు భూమి అమ్మితే గానీ తేలని ఇళ్లే మావన్నీ. అంత పెట్టి వెళ్లేవాళ్లు మొదటి రోజు నుంచే కాక్‌పిట్‌లో భయం లేకుండా, అలాగని తొందరపడకుండా కూర్చోవాలి. ఈ క్లాస్‌కి ముందు ప్యానెల్ చూస్తే నాకు టెన్షన్‌గా ఉండేది, ఇన్ని స్విచ్‌లు ఎలా గుర్తుంటాయా అని. ఇప్పుడు తెలియని స్విచ్ కనిపిస్తే ఏ కాగితం తియ్యాలో, ఎవర్ని అడగాలో, ఏ అంకె చూడాలో తెలుసు.

వచ్చేవాళ్లకి రెండు మాటలు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గానీ రైల్వే స్టేషన్ నుంచి గానీ ఆటో దొరుకుతుంది. చేతికి ఉంగరాలు, లోహపు గాజులు, స్టీలు వాచీ ఉంటే ఇంట్లోనే తీసేసి రండి, బ్యాటరీ దగ్గరికి అవి వేసుకుని రానివ్వరు. కాటన్ బట్టలు వేసుకోండి. మీరు చేరబోయే స్కూల్లో విమానం మోడల్, సంవత్సరం ముందే కనుక్కుని వస్తే దాని వైరింగ్ పేజీ ఆయన దగ్గర ఉంటే తీసి చూపిస్తారు, నాకలాగే చూపించారు. కొత్త బ్యాచ్ దసరా తర్వాత మొదలుపెడతానన్నారు, ముందుగా ఒకసారి వెళ్లి పేరు రాయించుకోండి, ఫోన్లో తీసుకోరు.